రెబెకా కాన్వాయ్

వనపర్తిలో కట్టుడు పళ్లు పెట్టించుకున్నవాళ్లలో సగం మంది రెబెకా చేసిన పళ్లతోనే నవ్వుతారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తారు. ఒక మేడ మీది చిన్న ల్యాబులో రెబెకా మైనం చెక్కి, అచ్చు పోసి, చిగుళ్లకు గులాబీ రంగు, పళ్లకు మనిషి వయసును బట్టి తెలుపో పసుపో తెప్పించి వెనక్కి పంపిస్తుంది. పన్నెండేళ్లుగా అదే పని. పక్క పన్నుతో పొసగని పన్ను కనిపిస్తే ఆ పూట ఆమెకు అన్నం సహించదు.

మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఫోన్లో ఎవరో పెద్దాయన ప్లాస్టిక్ ముక్కలు అతికించి జానెడు ట్యాంకు తయారు చేస్తున్న వీడియో చూసింది. ఆయన చేతిలో ఉన్న పనిముట్లు చూసి ఆగిపోయింది. సన్న పటకారు, చెక్కే కత్తి, మూడు వెంట్రుకల కుంచె. అన్నీ తన బల్ల మీద ఉన్నవే. ఆ వారమే అట్లాంటి ముక్కల కిట్ ఒక డబ్బా తెప్పించుకుంది. అది సగంలో ఉండగా ఇంకొకటి నచ్చింది. అట్లా మూడేళ్లలో మంచం కింద ఐదు డబ్బాలు చేరాయి: రెండు ట్యాంకులు, సైనికులను మోసే కవచపు బండి ఒకటి, జీపు, మిలిటరీ లారీ. ఒక్కటీ పూర్తి కాలేదు.

జనవరి మొదట్లో, ఇట్లాంటి బొమ్మలు చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. ఏటా పెట్టే పోటీ ఈసారి కర్నూలులో. హైదరాబాద్ వాళ్లకూ బెంగళూరు వాళ్లకూ మధ్యలో పడుతుందని. ఫిబ్రవరి రెండో ఆదివారం. విడి బండ్లకు ఒక విభాగం, ఐదు లేదా అంతకన్నా ఎక్కువ బండ్లున్న వరసకు ఇంకో విభాగం. రెబెకా ఆలోచించకుండా వరస విభాగానికి పేరు ఇచ్చేసింది. ఇచ్చాక లెక్కపెట్టుకుంటే చేతిలో నలభై ఒక్క రోజులు ఉన్నాయి.

"ఐదు ఒక్కసారే జేస్తవా?" అన్నాడు భర్త అరుణ్. అతను ఒక ప్రైవేటు స్కూలు బస్సు డ్రైవరు. "ఒక్కటే మూడేండ్లల్ల కాలే."

"ఒక్కొక్కటి జేస్తేనే కాలే. ఐదు కలిపి జేస్తే అయితది."

"గదేం లెక్క?"

"పళ్లు గట్లనే జేస్త కదా. ఇరవై ఎనిమిది పళ్లు ఒక్కొక్కటి కూసోబెట్టుకుంట పోతే ముసలాయన మనుమరాలి పెండ్లి విందుకు అందుకుంటడా? అన్నిటికి మైనం ఒకపారి, అన్నిటికి అచ్చు ఒకపారి."

 ఆ సాయంత్రమే భోజనాల బల్ల రెబెకా వశమైంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. రెబెకా, అరుణ్, అరుణ్ తండ్రి వెంకటయ్య. ముగ్గురూ ఇక నుంచి చాప మీద కూర్చుని తినాలని తేలిపోయింది. వెంకటయ్యే ముందు చాప పరిచాడు. ఆయన సాధారణంగా ఏమీ అనడు. తిమ్మాజిపేట దగ్గర పల్లె నుంచి పందొమ్మిదో ఏట కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రీ వెంట కూలికి వెళ్లి, ఎక్కడెక్కడో కట్టలు పోసి, రోడ్లు వేసి, మోకాళ్లు మొరాయించాక తిరిగొచ్చాడు. రెండేళ్లుగా కొడుకు దగ్గర ఉంటున్నాడు. పొద్దున నడిచి వెళ్లి కూరగాయలు తెస్తాడు, వరండాలో కూర్చుని రోడ్డు చూస్తాడు. కోడలితో ఆయన రోజూ మాట్లాడే మాటలు రెండే. "తిన్నవా బిడ్డా", "పోయొస్తున్నవా బిడ్డా".

మొదటి వారం అంతా చక్రాలే. ట్యాంకు గొలుసు లోపల దొర్లే చక్రం ఒక్కొక్కటి రెండు చెక్కలుగా వస్తుంది. ఒక్కో ట్యాంకుకు ఇరవై నాలుగు చెక్కలు, కవచపు బండికి మరో ఇరవై నాలుగు. మొత్తం డెబ్బై రెండు ముక్కలను ప్లాస్టిక్ చట్రం నుంచి కత్తిరించి, కత్తిరించిన చోట గరుకు కాగితంతో రుద్ది, జతలు చేసి అతికించాలి. రెబెకా ల్యాబు నుంచి వచ్చి కూర్చుంటే వేళ్ల మొదళ్లు ఎర్రబడే దాకా లేచేది కాదు. ఏ బండి ముక్కలు ఆ బండికి ఉండాలని కూర కట్టే స్టీలు డబ్బాలు తీసి, మూతల మీద ప్లాస్టర్ ముక్క అంటించి, నంబర్లు రాసింది.

అసలు చిక్కు ఆ డబ్బాలతోనే వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ల్యాబులో ఉండగా అరుణ్ ఫోన్ చేశాడు.

"రెబెకా, ఇయ్యాల కూరేం బెట్టినవ్?"

"బెండకాయ."

"బెండకాయ గుండ్రంగ మంచిగనే కోసినవ్ గానీ జర ఉడకలేదు."

రెబెకాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడింది. "నా చక్రాలు! మూత బెట్టు. కదలకు. ఒక్కటి పోయిందంటే ఇంటికి రాకు."

"నేనేం తినాలె మరి?"

"ఏమన్న కొనుక్కో! గాలి ఉన్నదా ఆడ? ఫ్యాన్ బంద్ చెయ్యి!"

అరుణ్ తోటి డ్రైవర్లకు చూపించి నవ్వించాక డబ్బాను జాగ్రత్తగానే తెచ్చాడు. అయినా లెక్కకు ఒక చెక్క తగ్గింది. బస్సంతా వెతికినా దొరకలేదు. రెబెకా డబ్బాను ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత లేచి, మరో చెక్కకు మైనంతో అచ్చు తీసి, చిగుళ్లకు వాడే గులాబీ రంగు పొడి కలిపి అందులో పోసింది. మర్నాడు పొద్దున అచ్చులోంచి గులాబీ రంగు చక్రం వచ్చింది. మిగతా డెబ్బై ఒకటి బూడిద రంగులో, ఇదొక్కటీ పసిపిల్ల నోటిలా. రంగు వేస్తే ఎవరికీ కనబడదని ఆమెకు తెలుసు.

రంగు దగ్గరికి వచ్చేసరికి ఇరవై రోజులు అయిపోయాయి. ఐదు బండ్లూ అతికించడం పూర్తయి బల్ల మీద బూడిద రంగులో వరసగా నిలబడ్డాయి. చిన్న సీసాల్లో వచ్చే రంగు ఐదింటికి చాలదు. కొత్తగా తెప్పించుకుంటే ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకని రెబెకా ఫోన్లో నాలుగు ఫొటోలు పెట్టుకుని, పెబ్బేరు రోడ్డులో కార్లకు రంగులు వేసే మునవ్వర్ షెడ్డుకు వెళ్లింది. అరుణ్ బస్సుకు గీతలు పడితే మాయం చేసేది అతనే.

మునవ్వర్ ఫొటోలు చూసి, సంచిలోంచి బయటకు తీసిన జీపు చూసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పాడు. "అక్కా, డెంటింగ్ అయితే ఏం లేదు దీనికి. పెయింటింగ్ ఒక్కటేనా?"

"మజాక్ జెయ్యకు మునవ్వర్ భాయ్. గీ పచ్చ కావాలె నాకు."

"కారు రంగు దీనికేస్తే ప్లాస్టిక్ తింటది. ఆగు చూపిస్త." టీ కొట్టు నుంచి ఒక ప్లాస్టిక్ చెంచా తెప్పించి, దాని మీద రంగు కొట్టాడు. చెంచా మెల్లగా ముడుచుకుని, వేలు వంచినట్టు వంగిపోయింది. రెబెకా జీపును గబుక్కున సంచిలో పెట్టేసుకుంది.

"డరో మత్, భయపడకు," అని నవ్వాడు మునవ్వర్. "ముందుగల ప్రైమర్ పలుచగ కొట్టి, ఎండబెట్టి, మల్ల దూరంకెల్లి మంచు పడ్డట్టు కొడితే ఏంగాదు." రెండో చెంచా మీద అలాగే కొట్టి చూపించాడు. ఈసారి చెంచా చెంచాలాగే ఉంది, పచ్చగా.

మరుసటి శుక్రవారం సెలవు పెట్టి ఐదు బండ్లనూ తెచ్చింది. మునవ్వర్ నమాజుకు వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని, పెద్ద స్ప్రే గన్ను పక్కన పెట్టి, గీతలకు వాడే చిన్న గన్ను తీశాడు. మొదటి ట్యాంకు పచ్చబడింది. రెండోదాని ముందు ఆగాడు.

"అక్కా, ఐదు బండ్లకు ఒకటే రంగా?"

"మిలిటరీది ఒకటే రంగు కదా."

"కంపెనీల ఒకటే రంగు. బయటకొస్తే ఎందుకుంటది? నా దగ్గరికి ఒకే కంపెనీ, ఒకే ఏడు తెల్ల కార్లు నాలుగొస్తె నాలుగిటికి నాలుగు డబ్బాల్ల కలుపుత తెలుపు. ఎండల నిలబెట్టేటోని బండి వేరు, షెడ్డుల బెట్టేటోని బండి వేరు."

 పళ్ల విషయంలో పన్నెండేళ్లుగా రెబెకా డాక్టర్లకు చెప్పే మాట ఇదే. ఒకే నోట్లో కూడా అన్ని పళ్లూ ఒకే తెలుపు ఉండవు. ఈ మాట తనకెందుకు తట్టలేదో ఆమెకు సిగ్గుగా అనిపించింది. ఇద్దరూ కలిసి చుక్క పసుపు, చుక్క తెలుపు, చుక్క నలుపు వేస్తూ ఐదు మూతల్లో ఐదు పచ్చలు కలిపారు. మధ్యలో ఒకాయన తన కారు ఏమైందని అడగడానికి వచ్చి, వాళ్లను చూసి, ఏమీ అడగకుండా అరగంట నిలబడి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది బురద. రెబెకాకు ఎంతో ఇష్టమైన పని అది. ఒక మంచు కొండల దారిలో వెళ్తున్న కాన్వాయ్ ఆమె మనసులో ఉంది. అచ్చుల ప్లాస్టర్ పొడిలో రంగులు కలిపి చక్కని బురద తయారుచేసి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఐదింటికీ గొలుసుల మీద, చక్రాల మీద, మడ్‌గార్డుల కింద పట్టించింది. మూడు గంటలు పట్టింది. నడుము నొక్కుకుంటూ లేచేసరికి వెనక మామ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"ఏడికి పోయొచ్చినయి బిడ్డా ఇవి?"

"లద్దాఖ్ దిక్కు మామా. మంచు కొండలు."

వెంకటయ్య వంగి ట్యాంకును చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆయన నవ్వు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"లద్దాఖ్ ఏడిది? మన తిమ్మాజిపేట చేన్లు దున్నొచ్చినట్టున్నది. గింత ఎర్రమట్టి ఆడ ఏడిది?"

రెబెకా బురద వంక చూసింది. నిజమే. రంగు కలిపేటప్పుడు బురద అనుకోగానే చెయ్యి దానంతటదే ఎరుపు వైపు పోయింది. చిన్నప్పటి నుంచి కాళ్లకు అంటింది ఆ మట్టే.

"మీరు చూసిన్రా మామా ఆడ?"

"చూసుడేంది, ఆరు ఎండకాలాలు చేసిన. శ్రీనగర్ దాటినంక పైకి. మంచు తోసేది, కంకర కొట్టేది, తారు డబ్బాలు మోసేది. గీ బండ్లే పొద్దంత పోతుండె మా పక్కకెల్లి."

"మరి ఎన్నడు చెప్పలే?"

"ఎవరడిగిన్రు?" అన్నాడు వెంకటయ్య. మాటలో నిష్ఠూరం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు.

రెబెకా కుర్చీ లాగి ఆయనకు వేసింది. ఆమె మళ్లీ కూర్చుంది. "అయితే ఎట్లుంటది చెప్పున్రి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో మాట మాటకూ మధ్య చాలా ఖాళీ ఉండేది. మంచు కరిగిన బురద తడిగా ఉంటే నల్లన, ఎండితే పొయ్యిలో బూడిద రంగు అన్నాడు. చక్రాల సందుల్లో ముద్ద పట్టి గడ్డకడుతుంది, డ్రైవర్లు ఇనుప కడ్డీతో పొడిచి రాలగొడతారు, అందుకని అక్కడ బురద ఊడిన చోట గుంటలు ఉంటాయి అన్నాడు. తర్వాత ఐదు బండ్లనూ చూపుడు వేలితో ఒకటొకటే చూపించాడు.

"అన్నిటికి సమానం పూసినవ్ నువ్వు. గట్లుండదు బిడ్డా. ముందుబండి సాఫుగుంటది. దాని దుమ్మంత రెండోదాని మీద. రెండిటి దుమ్ము మూడోదాని మీద. ఆఖరి బండికి పచ్చ రంగే కనిపియ్యది. ఆఖరి బండి డ్రైవర్ మూతికి గుడ్డ గట్టుకుంటుండె. కన్లొక్కటే కనిపిస్తుండె వానియి."

రెబెకా మూడు గంటల పనిని రెండు రోజులు కూర్చుని పాత టూత్‌బ్రష్షుతో కడిగేసింది. కొంచెం కూడా బాధ అనిపించలేదు. ఆ వారం రోజులూ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా పక్కకు పెట్టకుండా "మామా" అని పిలిచేది. ఆయన సిద్ధంగా ఉండేవాడు. బూడిద రంగు కలపడానికి ఇద్దరికీ ఒక పూట పట్టింది. "ఇంక జర నలుపు... వద్దు, ఎక్కువైంది... హా, గిది." కుంచె ఆమెది, చూపు ఆయనది. లారీని ఆఖరున పెట్టి, అద్దం మీద దుమ్ము పట్టించి, వైపర్ తిరిగినంత మేర మాత్రం అర్ధచంద్రం లాగా శుభ్రంగా వదిలారు. డ్రైవరు బొమ్మకు మూతి చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, తడిపి, రంగు వేసి గుడ్డ కట్టింది. అరుణ్ చాప మీద ఒక్కడే కూర్చుని తింటూ వాళ్లిద్దరినీ విడ్డూరంగా చూసేవాడు.

పోటీకి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనగా వెంకటయ్య అన్నాడు, "వీటి ముందర మా టిప్పర్ ఉంటుండె."

"మీ టిప్పర్?"

"కంకరది. కొండచరియ పడ్డదంటే మిలిటరోళ్లు ఆగుతరు. మేం పోయి తీసేదాంక ట్యాంకైన ఆగుడే. మా టిప్పర్ ముందుగాల పోయేది, ఎనుక కాన్వాయ్ కదిలేది."

రెబెకా ఆ రాత్రి అన్నం తింటూ టిప్పర్ గురించే ఆలోచించింది. దానికి కిట్ లేదు. కానీ లారీ డబ్బాలో అదనపు చక్రాలు మిగిలాయి, ల్యాబులో చిగుళ్ల పొడి కావలసినంత ఉంది. మామ చెబుతుంటే కాగితం మీద గీసింది. ఆయన రెండుసార్లు కొట్టేయించాడు. మూడోది చూసి, "గిదే" అన్నాడు. మైనం చెక్కి, అచ్చులు పోసి, క్యాబిను, తొట్టి, మడ్‌గార్డులు అన్నీ చేసింది. నాలుగో రోజుకు బల్ల మీద గులాబీ రంగు టిప్పర్ ఒకటి నిలబడింది.

"నవ్వుతున్నట్టుంది," అన్నాడు అరుణ్.

మునవ్వర్ దానికి వెలిసిన పసుపు కొట్టిచ్చాడు. తొట్టి అంచుల మీద తారు మరకలు ఎక్కడెక్కడ పడాలో వెంకటయ్యే అగ్గిపుల్లతో పెట్టాడు. అగ్గిపుల్ల ఒకటి రెండు చోట్ల జారింది. జారిన చోట మరక మరింత బాగా వచ్చింది.

పోటీ రోజు పొద్దున్నే మునవ్వర్ కారు అడిగి తీసుకుని ముగ్గురూ బయలుదేరారు. ఒక అట్టపెట్టెలో పాత బట్టల మధ్య ఐదు బండ్లు. టిప్పర్ మాత్రం వెంకటయ్య ఒళ్లో, చేతిరుమాలు మీద. బీచుపల్లి రాగానే ఆయన ఆపమన్నాడు. ఆంజనేయుడికి దండం పెట్టుకుని పోదామని. రెబెకా కారు దగ్గరే ఉంటానంది. జీపు వెనక్కి ఒరిగిందేమో చూద్దామని పెట్టె మూత తీసి, జీపును డిక్కీ అంచు మీద పెట్టిన క్షణాన ఒక కోతి వచ్చి, సరుకు తనిఖీ చేసే అధికారిలా దాన్ని ఎత్తుకుని పోయింది.

"అరుణ్!" అని ఆమె వేసిన కేకకు గుడి మెట్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

కోతి ప్రహరీ మీద కూర్చుని జీపును అటూ ఇటూ తిప్పింది. స్పేర్ చక్రం కొరికింది. రుచి నచ్చలేదు. వెంకటయ్య మెట్ల మీద నుంచే కొబ్బరి చిప్ప ఒకటి చూపిస్తూ మెల్లగా దగ్గరికి వచ్చాడు. కోతి కొబ్బరి కోసం చెయ్యి చాచింది. చాచిన చెయ్యే జీపు పట్టుకున్న చెయ్యి. జీపు కింద పడి, అద్దం ఒక దిక్కు, స్టీరింగ్ ఒక దిక్కు, స్పేర్ చక్రం ఒక దిక్కు దొర్లాయి.

ముగ్గురూ వంగి నేలంతా వెతికారు. దర్శనానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, "ఏం బోయింది బిడ్డా, ముక్కుపుడకనా?" అని అడిగి వాళ్లూ వంగారు. స్టీరింగ్ వాళ్లకే దొరికింది. రెబెకా కారు వెనక సీట్లో కూర్చుని పళ్ల పటకారు, జిగురు తీసింది. వెంకటయ్య జీపును పట్టుకున్నాడు, అరుణ్ కోతులను తోలుతూ నిలబడ్డాడు. ఇరవై నిమిషాల్లో జీపు మళ్లీ జీపు అయ్యింది. స్పేర్ చక్రం మీద మాత్రం రెండు పంటి గాట్లు మిగిలాయి.

"కోర పళ్లు," అంది రెబెకా దాన్ని దగ్గరగా పెట్టి చూస్తూ. "మంచి పళ్లే."

కర్నూలులో కల్యాణ మండపం నిండా బల్లలు, బల్లల నిండా బండ్లు. రెబెకా తన జాగాలో నల్ల గుడ్డ పరిచి, టిప్పర్‌ను ముందు పెట్టి, వెనక జీపు, కవచపు బండి, రెండు ట్యాంకులు, ఆఖరున లారీ, వరస తీర్చింది. దూరంగా వెళ్లి చూసింది. మొదటి బండి నుంచి ఆఖరి బండికి వచ్చేసరికి పచ్చ రంగు మెల్లమెల్లగా దుమ్ములో మునిగిపోతోంది. మండపంలో అట్లాంటి వరస ఇంకొకటి లేదు. అది ఆమెకు తెలుసు. 

న్యాయనిర్ణేతలు ఇద్దరు. ఒకాయన నిబంధనల కాగితం పట్టుకుని తిరిగే యువకుడు. రెండో ఆయన సైన్యంలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. యువకుడు టిప్పర్ దగ్గర ఆగాడు.

"మేడమ్, ఇది మిలిటరీ వాహనం కాదు కదా. ఈ విభాగంలో అన్నీ మిలిటరీవే ఉండాలి. దీన్ని తీసేయండి, మిగతా ఐదూ సరిపోతాయి."

రెబెకా చెయ్యి టిప్పర్ దాకా వెళ్లింది. తీసి సంచిలో పెడితే చాలు. నలభై ఒక్క రోజుల పని. పక్కన మామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో టిప్పర్ చుట్టిన రుమాలు. ఆయన తల ఊపాడు, తీసెయ్యమన్నట్టు. "ఫర్వాలేదు బిడ్డా. తియ్యి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తీసేస్తే ఇవి ఆగిపోతాయి సార్," అంది. "రోడ్డు మీద కొండ పడి ఉంది. ఇది ముందు పోతేనే అవి కదులుతాయి."

"అయితే ఈ విభాగంలో మార్కులు వేయలేం మేడమ్. విడివిడిగా చూస్తాం, అంతే."

"అట్లనే చూడండి."

అన్నది గానీ, అతను పక్క బల్లకు వెళ్లాక అక్కడ నిలబడలేకపోయింది. అరుణ్‌తో, "టీ ఉన్నదా ఈడ ఏడన్న?" అని అడిగి బయటకు వెళ్లిపోయింది. రెండు టీలు తాగింది. తొందరపడ్డానా అనుకుంది. పడితే పడ్డాను అనుకుంది.

తిరిగి వచ్చేసరికి తన బల్ల దగ్గర గుంపు ఉంది. ఆ రిటైరైన పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో వెంకటయ్య. ఇద్దరూ గడగడా హిందీలో మాట్లాడుకుంటున్నారు. అరుణ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"నాయినకు హిందీ వస్తదా?" అన్నాడు భార్య చెవిలో.

"నీకు తెల్వదా?"

"నాకెవరు చెప్పిన్రు!"

పెద్దాయన ఆ దారిలో ఎక్కడో రెండేళ్లు ఉన్నాడట. ఏ మలుపు దగ్గర టీ కొట్టు ఉండేదో, ఏ వంతెన ఏటా కొట్టుకుపోయేదో ఇద్దరికీ తెలుసు. ఒక మలుపు పేరు మీద వాదన కూడా పడింది. వెంకటయ్య వేలు ఆడిస్తూ "నహీ సాబ్, నహీ" అంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన చివరికి ఒప్పుకున్నాడు.

సాయంత్రం బహుమతులు చదివారు. వరస విభాగంలో మొదటిది బెంగళూరుకు, రెండోది హైదరాబాద్‌కు వెళ్లాయి. రెబెకా చప్పట్లు కొట్టింది. బెంగళూరు అతని పని నిజంగానే బాగుంది, రంగులు మాత్రం అన్నిటికీ ఒకేలా ఉన్నాయి. తర్వాత విడి బండ్లు. దుమ్మూ బురదా అత్యంత సహజంగా కనిపించిన బండికి ఒక ప్రత్యేక బహుమతి ఉందన్నారు. అది రెబెకా లారీకి వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకున్న డ్రైవరున్న లారీ.

వేదిక మీద అరచేయంత చెక్క షీల్డు, ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద ఆమె పేరు ఉంది. రెబెకా అక్కడే నిలబడి, "పెన్ను ఇస్తరా సార్?" అని అడిగి, తన పేరు పక్కన 'వెంకటయ్య' అని రాసింది. రాసి కిందికి దిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు చదవడం పెద్దగా రాదు, కానీ తన పేరు గుర్తుపడతాడు. కార్డును అటూ ఇటూ తిప్పి, "నాదెందుకు బిడ్డా" అన్నాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మునవ్వర్ ఫోన్ చేశాడు. దుమ్ముకు బహుమతి వచ్చిందని వినగానే, "కింద పచ్చ లేకపోతే దుమ్ము దేనిమీద కనిపిస్తుండె అక్కా, అది గూడ చెప్పాల్సుండె," అన్నాడు. కార్డు మీద ఇంకా జాగా ఉందని, రేపు వచ్చి రాసుకొమ్మని రెబెకా చెప్పింది.

కారు అలంపురం చౌరస్తా దాటింది. స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేస్తున్న అరుణ్ ఉన్నట్టుండి అడిగాడు.

"నాయినా, నేను పుట్టినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?"

"హా. కబురు పదిహేను దినాలకు అందింది. మేస్త్రీ వచ్చి చెప్పిండు, కొడుకు పుట్టిండని. ఎండకాలమైన ఆడ మంచు పడుతుండె. గప్పుడే ఒక బండి లోయ దిక్కు జారి అంచు మీద ఆగింది. ఆఖరి బండి. ఎనుక చక్రం గాల్ల ఉన్నది..."

"లోపల మనిషి ఉన్నడా?"

"ఉన్నడు. చిన్న పోరడు, ఇరవై ఏండ్లుంటయో లేవో. దిగుతే బండి పోతది, దిగకపోతే వాడు పోతడు. మేం పదకొండు మందిమి, ఒకటే తాడు..."

అరుణ్ వేగం తగ్గించాడు. వెనక నుంచి లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి. రెబెకా ముందు సీట్ల మధ్యకు వంగింది. వెంకటయ్య రెండు చేతులతో తాడు పట్టుకున్నట్టు గాలిని పట్టుకుని, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరి చెప్పు జారిందో, పోరడు కిటికీలోంచి ఏమని అరిచాడో చెబుతున్నాడు. కృష్ణ మీది వంతెన వచ్చింది, వెళ్లింది. మధ్యలో ఒకసారి ఆగి నీళ్లు తాగాడు. "మల్ల?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కథలో పోరడు బయటకు వచ్చి, టిప్పర్ తొట్టిలో కూర్చుని, వెంకటయ్య కంబళి కప్పుకుని ఏడ్చేసరికి, పక్కన కొత్తకోట బోర్డు కనబడింది.

"అయ్యో," అన్నాడు అరుణ్. "పెబ్బేరుల మలగాల్సింది. ఎప్పుడు దాటినం?"

"ఏంగాదు," అంది రెబెకా. "కొత్తకోట కెల్లి గూడ తొవ్వ ఉన్నది. నువ్వు పోనియ్యి. మామా, ఆ పోరని పేరేంది?"